ఆగిన కథకు లింకు దస్తావేజు

అమ్మా, గుణుపురం నుంచి మీరు పంపిన మూడు పేజీలనూ, వాటితోపాటు రాసిన ప్రశ్ననూ రెండుసార్లు చదివాను. ఏడు కథలు అచ్చయ్యాక తాతగారి జీవితం ఆధారంగా నవల మొదలుపెట్టి మూడో అధ్యాయంలో ఆగిపోయారనీ, ఎనిమిది నెలలుగా రోజూ కాగితం ముందు కూర్చుంటున్నా ఒక్క వాక్యం నిలవడం లేదనీ రాశారు. ప్రేరణ వచ్చేదాకా ఎదురుచూడాలా, బలవంతంగానైనా రాయాలా, లేక నవల మీకు అచ్చిరాదని వదిలేయాలా అని అడిగారు. నేనెలా రాస్తానో, కథలు ఎక్కడి నుంచి తెచ్చుకుంటానో కూడా చెప్పమన్నారు. వీటన్నిటి జవాబులూ ఒకదానిలో ఒకటి చిక్కుకుని ఉన్నాయి కనుక కలిపే చెబుతాను.

నేను పర్లాకిమిడిలో ముప్పై రెండేళ్లు దస్తావేజు లేఖరిగా పనిచేశాను. రిజిస్ట్రేషన్ కార్యాలయం ఎదుట చింతచెట్టు కింద ఒక బల్ల, రెండు స్టూళ్లు, ఒక స్టాంపు ప్యాడు, ఇదీ నా సరంజామా. రాసేది ఒడియాలో, చదవవలసి వచ్చేది చాలాసార్లు తెలుగులో. 1936 ఏప్రిల్ 1న ఒరిస్సా విడి రాష్ట్రంగా ఏర్పడేవరకు మా ఊరు మద్రాసు ప్రెసిడెన్సీలోని గంజాం జిల్లాలో ఉండేది కాబట్టి, ఇక్కడి పాత తెలుగు కుటుంబాల ట్రంకుపెట్టెల్లో తాతముత్తాతల కాగితాలు తెలుగులోనే ఉంటాయి. వాటిని చదివి, సారాంశం ఒడియాలో పెట్టి, కొత్త దస్తావేజుకు జోడించడం నా పని. కథలు సాయంత్రాలు రాసుకునేవాణ్ణి.

ఆ ముప్పై రెండేళ్లలో దస్తావేజు రాస్తూ నా కలం ఒక్కరోజు కూడా ఆగలేదు. అదే చేయి, అదే కలం, సాయంత్రం కథకు కూర్చుంటే మాత్రం మూడుసార్లు నెలల తరబడి ఆగిపోయింది. ఒకసారి పదకొండు నెలలు. దస్తావేజు మూసలో పోసిన రాత, కథ సృజన, అందుకే ఈ తేడా అని తేల్చేయడం సులభమే గాని, ఆ జవాబు నాకు ఎన్నడూ తృప్తినివ్వలేదు. దస్తావేజు రాసేటప్పుడు రాసి ఇచ్చేవారూ రాయించుకొనేవారూ ఎదురుగా కూర్చుని ఉంటారు. ఏది చేతులు మారుతున్నదో, దానికి ప్రతిఫలం ఎంతో, అది ముట్టిందో లేదో, తూర్పున ఎవరి గట్టో, పడమర ఎవరి కాలువో, సాక్షులెవరో తెలిశాకే కలం పట్టుకుంటాను. ఒక్కటి తెలియకపోయినా రాయను, అడుగుతాను. కథ దగ్గరకొచ్చేసరికి మాత్రం ఎవరినీ ఏమీ అడగకుండా, అందమైన వాక్యం ఒకటి తట్టింది కదా అని మొదలుపెట్టేవాణ్ణి. అలా మొదలైనవే సగంలో ఆగాయి.

మీరు దీన్ని ‘రైటర్స్ బ్లాక్’ అన్నారు. ఈ మాటను 1940లలో వాడుకలోకి తెచ్చినవాడు ఎడ్మండ్ బెర్గ్లర్ అనే మనోవిశ్లేషకుడు. వియన్నాలోని ఫ్రాయిడ్ సంప్రదాయంలో చదువుకున్నవాడు కాబట్టి ఆయన దీనికి కారణాన్ని రచయిత చిన్ననాటి మనసులో, తనను తాను శిక్షించుకునే స్వభావంలో వెతికాడు. నాకు దానికన్నా పనికివచ్చినది మైక్ రోజ్ అనే అమెరికన్ రచనాబోధకుడు 1980లో ప్రకటించిన పరిశీలన. ఆయన పదిమంది విశ్వవిద్యాలయ విద్యార్థులతో మాట్లాడాడు. వారిలో సగంమందికి రాత సాగుతుంది, సగంమందికి ఆగిపోతూ ఉంటుంది. ఆగిపోయేవారు తెలివిలోగాని శ్రద్ధలోగాని తక్కువవారు కారు. రాయడమంటే ఇలాగే ఉండాలని ఎక్కడో నేర్చుకున్న నియమాలకు గట్టిగా కట్టుబడిపోయారు, అంతే. మొదటి వాక్యమే పాఠకుణ్ణి కట్టిపడేయాలి అన్నది అలాంటి నియమాల్లో ఒకటి. పదిమందితో చేసిన పరిశీలన పెద్ద ప్రమాణమేమీ కాదు. అయినా చదివినప్పుడు నా సంగతే ఎవరో రాసినట్టనిపించింది, ఎందుకంటే నా మెడకూ అలాంటి నియమమొకటి చుట్టుకుని ఉండేది.

అది ఎలా చుట్టుకున్నదో చెబుతాను. నా తొలి కథల్లో ఒకదానిలో ఒక ముసలమ్మ కచేరీలో అధికారితో ఒడియాలో, ‘చిత్తం’ అన్నట్టుగా, “ఆగ్యా” అంటుంది, పక్కనున్న కూతురి వైపు తిరిగి “నానొల్లనే, నువ్వే ఎల్లు” అంటుంది. ఒక పత్రిక ఆ కథను అచ్చువేస్తూ “ఆగ్యా”ను “అయ్యా” అనీ, రెండో మాటను “నాకు ఇష్టం లేదు, నువ్వే వెళ్లు” అనీ మార్చింది. అచ్చుతప్పు సరిదిద్దామని ఉత్తరం కూడా రాశారు. నాకు కోపం రాలేదు, సిగ్గేసింది. అప్పటి నుంచి ఆరేళ్లపాటు నా పాత్రలందరి చేతా కృష్ణాతీరపు తెలుగు మాట్లాడించాను. ఆ ఆరేళ్ల కథలు అచ్చయినవి గాని, వాటిలో ఎవరు ఏ గుమ్మం ముందు నిలబడి మాట్లాడుతున్నారో ఇప్పుడు చదివితే నాకే తెలియదు. నా రాత మొదటిసారి ఆగింది ఆ ఆరేళ్ల చివరనే.

ఇప్పుడు మీ పేజీలకు వస్తాను. మొదటి పేజీలో తాతగారు చిన్న రైలు దారిలో కాశీనగరం దగ్గర పట్టాలు మార్చే పాయింట్స్‌మన్‌గా ఉన్నారు. సాయంత్రం లాంతరు విప్పి, గాజు మీద నోటితో ఊది, పంచె అంచుతో తుడిచి, వెలుగుకు ఎదురుగా పట్టి చూసి, ఎక్కడో ఒక మూల మసి మిగిలిందని మళ్లీ ఊదారు. అమ్మా, ఈ నాలుగు పంక్తులూ నేను రాసి ఉంటే గర్వపడేవాణ్ణి. ఆ మనిషి ఎలాంటివాడో, ఎంత మొండివాడో, తన పనిని ఎంత పట్టించుకుంటాడో మీరు ఒక్క విశేషణం వాడకుండా చెప్పారు. రెండో పేజీలో కొడుకు వచ్చి, ఇల్లు అమ్మేసి విశాఖపట్నం వచ్చేయమంటాడు. అప్పుడు తాతగారు అన్నమాట ఇది: “నేను ఈ మట్టిని విడిచి రాలేను. ఇది నా అస్తిత్వం.”

పదిహేడో పంక్తి అది. మూడో పేజీ నిండా మీరు సూర్యాస్తమయాన్నీ, వంశధారనూ, దూరాన రైలు కూతనూ వర్ణించారు. కథ మాత్రం పదిహేడో పంక్తి దగ్గరే ఆగిపోయింది. లాంతరు గాజును అలా తుడిచిన మనిషి ‘అస్తిత్వం’ అనడు. అది సభల్లో వినిపించే మాట, వ్యాసాల్లో కనిపించే మాట, పాయింట్స్‌మన్ నోట్లో పుట్టే మాట కాదు. పైగా ఒక మనిషి తన బతుకు సారాంశాన్ని అంత శుభ్రంగా తానే చెప్పేశాక ఇక అతను చేయవలసిన పని ఏముంటుంది? కొడుకు ఏమనగలడు? కలం ఆగక ఏం చేస్తుంది? మీరు రాయలేకపోవడం మీ లోపమని మీరనుకుంటున్నారు గాని, కథను ఆపింది మీ చెవే. ఆ మాట తప్పని దానికి ముందే తెలిసింది.

మనలాంటి సరిహద్దు జిల్లాల తెలుగువాళ్లకు ఈ ఇబ్బంది రెట్టింపు. మనం మాట్లాడే తెలుగు ఒకటి, బడిలో చదివింది ఒడియా, కథలు చదివి నేర్చుకున్న తెలుగు వేరే ఊళ్లలో అచ్చయినది. మీ తాతగారు ఇంట్లో “ఏటీ” అనేవారు, స్టేషన్ మాస్టరుతో ఒడియాలో మాట్లాడేవారు, సంతకు చీపుర్లూ అడ్డాకులూ చింతపండూ మోసుకొచ్చే కొండజాతి సవరలతో బేరమాడేటప్పుడు వాళ్ల మాటలు పది పన్నెండైనా వాడేవారు. ఒకే గంటలో ఈ మూడు భాషల మధ్య తిరిగే మనిషిని ఒక్క భాషలో, అదీ పుస్తకాల భాషలో, నిలబెడితే అతను నడవడు. పాఠకులకు అర్థంకాదేమోనన్న భయం అందరికీ ఉంటుంది, నాకూ ఉండేది. ప్రతి మాటనూ యథాతథంగా దించమని నేననను, అలా దించితే కథ భూమి హక్కుల రికార్డు అయిన ఖతియాన్ నకలులా తయారవుతుంది. కాని మనిషి ఏ క్షణంలో ఏ భాషలోకి మారాడో రచయితకు తప్పక తెలియాలి, ఎందుకంటే మన ప్రాంతంలో భయం, అధికారం, ప్రేమ, ఎగతాళి అన్నీ ఆ మార్పులోనే బయటపడతాయి. మా అమ్మ నన్ను ఒడియాలో తిట్టిందంటే ఎదురుగా ఇంకెవరో ఉన్నారని అర్థం.

గిడుగు రామమూర్తి పంతులుగారు మా పర్లాకిమిడి రాజావారి బడిలో ఉపాధ్యాయులుగా ఉండి, నిఘంటువూ లేని, వ్యాకరణమూ లేని సవర భాషను సవరల నోటనే విని నేర్చుకున్నారు. తరువాత దానికి వ్యాకరణం రాశారు, నిఘంటువు కూర్చారు. వ్యావహారిక తెలుగు కోసం ఆయన చేసిన పోరాటాన్ని అందరూ తలుచుకుంటారు గాని, దానికి ముందు అన్నేళ్లు కొండ మనుషుల మాట వింటూ కూర్చున్న చెవి ఒకటుందన్న సంగతి రచయితలు ఎందుకో పట్టించుకోరు. 1936లో ఈ ఊరు ఒరిస్సాలో కలిసినప్పుడు ఆయన నొచ్చుకుని రాజమహేంద్రవరం వెళ్లిపోయారు. మనం ఇక్కడే ఉండిపోయాం. కనీసం ఆయన విన్నట్టు వినడమైనా మనకు రావాలి కదా.

ఇక నా పదకొండు నెలల సంగతి. ఇద్దరు అన్నదమ్ముల పంపకాల గురించి నవల రాస్తున్నాను. వాళ్ల ఇల్లు పర్లాకిమిడిలో, పొలం ఆంధ్రలో పాతపట్నం వైపు. అన్న పంపకాల దస్తావేజు మీద సంతకం పెట్టే ఘట్టం దగ్గర కలం ఆగింది. నా వృత్తే అది, అలాంటి సంతకాలు వేలసార్లు చూసినవాణ్ణి, అయినా రాయలేకపోయాను. తమ్ముణ్ణి ఏడిపించి చూశాను, వర్షం కురిపించి చూశాను, చివరికి తల్లిని చంపేశాను కూడా. ఏదీ కుదరలేదు.

ఆ రోజుల్లో ఒక ముసలావిడ ఇరవై సెంట్ల గరువు భూమి అమ్మడానికి వచ్చింది. అధికారి అడిగిన ప్రతిదానికీ “ఆగ్యా, ఆగ్యా” అంటూ తల ఊపింది. నేను ఎడమ బొటనవేలు పట్టుకుని ప్యాడు మీద అద్ది, కాగితం మీద ఒకవైపు నుంచి ఇంకోవైపుకు దొర్లించాను. ముద్ర పడగానే ఆవిడ ఆ వేలిని చెంగుకు తుడుచుకోలేదు. ఆముదం రాసిన తల మీద, చెవి వెనకగా, రెండుసార్లు రుద్దుకుంది. తెల్లజుట్టులో నీలం చార ఒకటి మిగిలింది. అప్పుడు నావైపు వంగి, తెలుగులో, చాలా చిన్న గొంతుతో అడిగింది: “బాబూ, సెట్టు మీదున్న సింతకాయ కూడా ఎల్లిపోనాదా?”

దస్తావేజులో ‘చెట్టు చేమలతో సహా’ అని రాసింది నేనే. అది ప్రతి దస్తావేజులోనూ రాసే మాట, రాస్తూ దాన్ని ఎన్నడూ చదవలేదు. ఆవిడకు భూమి పోతున్నదని ముందే తెలుసు, దానికి సిద్ధపడే వచ్చింది. ఆ ఏటి కాయ పోతుందని మాత్రం అప్పుడే తెలిసింది. కొన్నవాడు మంచివాడు, కాయ కోసుకోమన్నాడు, ఆ కథ అక్కడితో ముగిసింది. నాకు ఆ రాత్రి నిద్రపట్టలేదు. నా నవలలో అన్న సంతకంతో ఏం పోగొట్టుకుంటున్నాడో నేను నిర్ణయించనేలేదని అప్పుడు తెలిసింది. పొలం పోతున్నదని రాశాను గాని, ఆ పొలంలో అతని చింతకాయ ఏదో నాకు తెలియదు. ప్రతిఫలం గడి ఖాళీగా వదిలేసి దస్తావేజు పూర్తిచేయాలని చూస్తున్నాను.

మా వృత్తిలో ఒక పద్ధతి ఉంది. అమ్మేవాడి హక్కు మీద అనుమానం వస్తే, చేతిలో ఉన్న కాగితాన్ని ఎంతసేపు తిరగేసినా లాభం లేదు. దానికి ముందటి దస్తావేజు తెప్పించాలి, దానికీ ముందటిది తెప్పించాలి, ఇలా లింకు దస్తావేజులన్నీ వరుసగా పెట్టుకుని వెనక్కి పోతూ ఉండాలి. లోపం సాధారణంగా రెండు మూడు తరాల వెనక, ఎవరూ అనుమానించని ఒక కాగితంలో దొరుకుతుంది. ఎవరో ఒక ఆడపడుచు సంతకం లేకుండా పంపకం జరిగి ఉంటుంది. నవలకూ అదే చేశాను. ఆగిన పేజీని పక్కన పెట్టి వెనక్కి చదువుకుంటూ పోయాను. సంతకం ఘట్టం తొమ్మిదో అధ్యాయంలో ఉంది, లోపం రెండో అధ్యాయంలో దొరికింది.

ఆ లోపం ఏమిటో చెప్పడం నాకు ఇప్పటికీ కష్టంగానే ఉంటుంది. ఆ అన్నకు మూలం మా నాన్నగారు. రెండో అధ్యాయంలో ఆయన మంచి భాగమంతా తమ్ముడికి వదిలేసి మెట్ట తీసుకున్నట్టు రాశాను. నిజానికి బావి ఉన్న భాగం మా నాన్నగారే తీసుకున్నారు. మా చిన్నాన్న పిల్లలు ఎండాకాలంలో మా బావికి నీళ్లకు వచ్చేవారు, మా అమ్మ కాదనలేదు గాని, చేద మాత్రం ఇంట్లో పెట్టి తాళం వేసేది. నాకు అప్పుడు తొమ్మిదేళ్లు. ఇవన్నీ తెలిసినవాణ్ణి, నాన్నగారు పోయాక ఆయన్ను ధర్మరాజును చేసి కూర్చోబెట్టాను. ధర్మరాజు సంతకం పెడితే చూడటానికి ఏముంది? అందుకే వర్షం కావలసివచ్చింది, తల్లి చావు కావలసివచ్చింది. రెండో అధ్యాయం కొట్టేసి, అన్నకు బావి ఇచ్చి, మళ్లీ రాస్తూ వచ్చాను. సంతకం ఘట్టం చివరికి ఒకటిన్నర పేజీ అయింది. అన్న సంతకం పెట్టి లేచాక తమ్ముడు ఒక్కటే అడుగుతాడు, చేద ఎవరిదని. మా చిన్నాన్న కొడుకు అది చదివి మూడేళ్లు నాతో మాట్లాడలేదు. తరువాత మాట్లాడాడు, ఆ పుస్తకం ప్రస్తావన మాత్రం ఇద్దరమూ తేము.

మీ పదిహేడో పంక్తిలో ఈ రెండు లోపాలూ ఉన్నాయేమోనని నా అనుమానం. భాష తాతగారిది కాదన్నది పైకి కనిపించే లోపం. దాని వెనక ఆయన్ను కాపాడాలన్న తాపత్రయం కూడా ఉన్నట్టుంది. ఇల్లు అమ్మనన్నది మట్టి మీది ప్రేమతోనేనా? అప్పేదైనా ఉందా? కొడుకు మీద నమ్మకం లేకనా? కోడలి వంట సరిపడకనా? ఇవి చిన్న కారణాలని కొట్టిపారేయకండి. ఫకీర్‌మోహన్ సేనాపతి భూమి కాజేయడం గురించి రాసిన ఒడియా నవలకు పేరే కొలతతో పెట్టారు: ఆరు మాణాలు, ఎనిమిది గుంటలు. మాణానికి పాతిక గుంటలు. ‘కొంత భూమి’ అనలేదు, ‘తల్లి నేల’ అనలేదు. ఆ ఎనిమిది గుంటల లెక్కే ఆ కథలో ఒక పేదవాడి కొంపను నిజం చేసింది. ఒడిశాలో ఉంటూ, ఒడియా చదవడం వచ్చి కూడా దాన్ని చదవని తెలుగు రచయితలను చూస్తే నాకు జాలేస్తుంది. ఇది కాస్త కటువుగా ఉన్నా అంటున్నాను.

ఆ పదకొండు నెలల తరువాత నాకొక అలవాటయింది. ఏ ఘట్టం రాసేముందైనా ఒక చిత్తు కాగితం మీద దానికి చెక్కుబంది రాసుకుంటాను. ఒడియాలో చౌహద్ది అంటారు, దస్తావేజు చివర నాలుగు దిక్కుల హద్దులూ చెప్పే భాగం. కథలో తూర్పున ఏముంది, అంటే పాత్ర ఎదురుగా ఎవరున్నారు, ఏ వస్తువుంది. వెనక ఏం జరిగి ఇక్కడికి వచ్చాడు. పక్కగదిలో ఎవరు వింటున్నారు. ఇక్కడి నుంచి ఎటు వెళ్లలేడు. ఆ తరువాత రాసి ఇచ్చేదెవరో, రాయించుకునేదెవరో, ప్రతిఫలమేమిటో ఒక్కొక్క మాటలో. సాక్షి ఉన్నాడా లేడా అన్నది కూడా రాసుకుంటాను, ఎందుకంటే మూడో మనిషి ఎదుట మన మనుషులు మాట్లాడే తీరే మారిపోతుంది. ఏదైనా గడి నిండకపోతే ఆ రోజు రాయను, బజారుకు పోయి అడుగుతాను. అడగవలసిన మనిషి చనిపోయి ఉంటే పాత కాగితాలు చూస్తాను. కొన్నిసార్లు ఊహించే రాస్తాను, కాని ఇది ఊహ అని నాకు గుర్తుండేలా పక్కన ఒక చుక్క పెట్టుకుంటాను.

కథలు ఎక్కడి నుంచి వస్తాయన్నారు. నాకైతే ఎక్కువగా కాగితాల్లోని అనవసరమైన మాటల నుంచే వచ్చాయి. ఒక పాత తెలుగు దస్తావేజులో ఉత్తరపు హద్దు ‘పెద్దమ్మి కూర్చునే రాయి’ అని ఉంది. ఆ పెద్దమ్మి ఎవరో, హద్దురాయిగా పేరు నిలిచేటంతగా రోజూ అక్కడ ఎందుకు కూర్చునేదో ఎవరికీ తెలియదు, నాకు అదొక కథ అయింది. సంతలో తెగని బేరాలు, మహేంద్రతనయ నది ఒడ్డున బట్టలుతికే వాళ్ల తగవులు, పెళ్లిపందిరిలో ఒడియా వంటవాడికీ తెలుగు పెళ్లిపెద్దకూ చారు విషయంలో వచ్చిన పేచీ, ఇలాంటివి ఒక చేతిపుస్తకంలో రాసుకుంటాను. ఆ పుస్తకంలో ఆలోచనలు రాయను. విన్న మాటలు మాత్రమే, అన్నవాళ్ల గొంతులో. ఆలోచనలు ఎలాగూ వస్తాయి, మాటలు మాత్రం మర్నాటికి మారిపోతాయి. మీకు మీ చిన్న రైలే పెద్ద గని. 1900లో నౌపడ నుంచి పర్లాకిమిడికి వచ్చి, 1931 నాటికి గుణుపురం చేరిన రెండడుగుల ఆరంగుళాల పట్టాలవి. అవి పోయి బ్రాడ్‌గేజి వచ్చాక ఆ పాత దారిలో పనిచేసినవాళ్లు ఒక్కొక్కరే వెళ్లిపోతున్నారు. సూర్యాస్తమయం ఇంకెవరైనా రాస్తారు. పాయింటు మార్చే మీట చలికాలం తెల్లవారుజామున చేతికి ఎలా తగిలేదో మీరు అడిగి రాయకపోతే ఇంకెవరూ రాయరు.

చిన్న సంగతులు కొన్ని క్లుప్తంగా చెబుతాను. ఏ వేళ రాయాలి, చేత్తో రాయాలా ఫోనులో కొట్టాలా అన్నవి మీ వీలును బట్టి. రేపు రాయబోయే వాక్యం తెలిసి ఉండగానే ఈ రోజు ఆపేయమన్న అమెరికన్ నవలాకారుడు హెమింగ్వే సలహా నిజంగానే పనిచేస్తుంది, నేనైతే ఆ వాక్యాన్ని సగంలో వదిలి లేస్తాను. ఆగిపోయిన నెలల్లో ఇతరుల నవలలు గంపగుత్తగా చదవడం నాకు మేలు చేయలేదు, వాళ్ల గొంతు నా గొంతులోకి దిగింది. సాపు ప్రతి రాసుకునే తొందర వద్దు; చిత్తులో తప్పు కనిపిస్తే కొట్టేస్తాం, సాపులో కనిపిస్తే కప్పిపుచ్చాలని చూస్తాం. ఇక ఈ ఎనిమిది నెలల్లో రాత ఒక్కటే ఆగిందా, నిద్రా తిండీ నలుగురితో మాటా కూడా ఆగాయా అన్నది మీకే తెలుసు. రెండోది అయితే ఈ ఉత్తరం పక్కన పెట్టి ముందు వైద్యుణ్ణి చూడండి. అలాంటప్పుడు చెక్కుబంది రాసుకున్నంత మాత్రాన ఏమీ కాదు.

నవల వదిలేయవద్దు, బలవంతంగా ముందుకూ పోవద్దు. మీ నాయనమ్మగారు ఉన్నారని, ఇప్పటికీ గుణుపురంలో మీతోనే ఉంటారని రాశారు. ఆమె దగ్గర ఒక సాయంత్రం కూర్చోండి. తాతగారు గొప్పవారా అని అడగకండి, గొప్పవారనే చెబుతారు. ఇల్లు అమ్మమని మీ నాన్నగారు వచ్చిన రోజు ఇంట్లో ఏం వండారో అడగండి. తాతగారు ఎక్కడ కూర్చున్నారో, కొడుకు కూర్చున్నాడా నిలబడ్డాడా, మాట తెగాక ఎవరు ముందు లేచారో అడగండి. ఆయన అన్నమాట ఆమెకు గుర్తుంటే, ఆమె అన్నట్టే, ఒడియా వస్తే ఒడియాలోనే రాసుకోండి. ఏమీ అనకుండా లేచి లాంతరు పుచ్చుకుని డ్యూటీకి వెళ్లిపోయారని ఆమె చెబితే అదీ రాసుకోండి.

మీ మూడు పేజీలూ టపాలో తిరిగి పంపుతున్నాను. రెండో పేజీ పదిహేడో పంక్తి పక్కన పెన్సిలుతో ఒక చుక్క పెట్టాను. మొదటి పేజీలో లాంతరు దగ్గర ‘పంచె అంచు’ను ‘పంచె కొంగు’ చేద్దామని కలం తీసి, మళ్లీ పెట్టేశాను. మీ ఇంట్లో ఏమంటారో నాకు తెలియదు.